బూడిదకి గ్రాంటు

తిరిగి కట్టక్కర్లేని డబ్బు గవర్నమెంటు ఇస్తుందని చెబితే మా తోడికోడలు పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇచ్చి మళ్ళీ అడక్కుండా ఊరుకునేది అల్లుడికిచ్చిన డబ్బొక్కటే అక్కా. మనం గవర్నమెంటుకి ఎప్పుడు అల్లుళ్ళమయ్యాం?" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ సంగతి ఎవరో చెబితే విన్నది కాదు, నేను చదివింది. నలభై దాటాక రాత్రిబడిలో కూర్చుని నేర్చుకున్న అక్షరాలు నావి. లేటుగా చదువొచ్చినవాళ్ళకి ఒక పిచ్చి పడుతుంది. కంటబడిందల్లా చదివేయాలి. గోడ మీద సినిమా పోస్టరు, లారీ వెనక రాతలు, మందు సీసా మీద కాగితం, ఏదీ వదలను. ఆ రోజు రేషన్ కార్డు పని మీద మండలాఫీసుకి వెళ్తే గుమాస్తాగారు టీకి వెళ్ళారు. ఆయనొచ్చేలోగా నోటీసు బోర్డంతా చదివేశాను. చెరువుల వేలం కాగితం కింద సగం దాక్కుని ఉందా నోటీసు. చిన్న పరిశ్రమ నడుపుకునేవాళ్ళూ, కాలేజీల్లో పరిశోధన చేసేవాళ్ళూ కలిసి ఏదన్నా కొత్త వస్తువు తయారు చేస్తుంటే యంత్రాలకి గ్రాంటు ఇస్తారట. గ్రాంటంటే ఏంటో నాకు తెలీదు. కిందనే రాసుంది, తిరిగి చెల్లించనవసరం లేదని. ఆ ఒక్క లైను మాత్రం మళ్ళీ మళ్ళీ కూడబలుక్కున్నాను, ఎక్కడన్నా అక్షరం పొరబడ్డానేమోనని.

మాదేం పెద్ద పరిశ్రమ కాదు. మండపేట పక్క పల్లెటూరు మాది. ఆ చుట్టుపక్కలంతా రైసుమిల్లులే. ధాన్యం ఉడకబెట్టడానికి బాయిలర్లలో ఊక తగలేస్తారు. ఆ ఊకబూడిద మిల్లుల వెనక గుట్టలుగుట్టలుగా పడుంటుంది. గాలొచ్చిందంటే ఆరేసిన బట్టలన్నీ మళ్ళీ ఉతుక్కోవాలి. దాన్ని అందరం తిట్టుకునేవాళ్ళమే. మా తోడికోడలొక్కతే దాన్ని గంపతో ఇంటికి తెచ్చి, మెత్తగా జల్లించి, కుంకుడుకాయ పొడీ కాస్త సోడా కలిపి అంట్లు తోమేది. మా ఇంట్లో ఇత్తడి బిందెలు చూసి పక్కింటివాళ్ళు అడగడం, వాళ్ళకివ్వడం, వాళ్ళ చుట్టాలు అడగడం. అలా మొదలైంది. మా పొదుపు సంఘంలో ఆడవాళ్ళందరం చేరి ప్లాస్టిక్ కవర్లలో పోసి, కొవ్వొత్తి మంట మీద అంచులు అతికించి, సంతల్లో అమ్మేవాళ్ళం. తణుకు దాకా వెళ్ళేది మా పొడి. మిల్లు ఓనరు గారు బూడిదకి పైసా తీసుకునేవారు కాదు. "తీసుకుపోండమ్మా, మీకు పుణ్యం, నాకు శని వదులుతుంది" అనేవారు.

వచ్చిన చిక్కల్లా జల్లించడంతోనే. బూడిద గుడ్డలో వేసి జల్లిస్తే పైకి లేచే దుమ్ము ఇంతా అంతా కాదు. జల్లించే పని మా తోడికోడలు ఎవరికీ ఇచ్చేది కాదు. ముక్కుకి చీర చెంగు కట్టుకుని తనే కూర్చునేది. రెండేళ్ళయ్యేసరికి దగ్గు పట్టుకుంది. మాట మాటకీ దగ్గు, నవ్వితే మరీ. రామచంద్రపురంలో డాక్టరుగారు పరీక్ష చేసి ఖచ్చితంగా చెప్పేశారు. దుమ్ము లోపలికి పోకుండా ఏదన్నా ఏర్పాటు చేసుకో, లేదంటే ఈ పని మానెయ్యి, మూడో దారి లేదు, అని. పని మానెయ్యమంటే ఆవిడ ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను చూడ్డం అదే మొదలు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఎవరో పెట్టింది తిని, ఎవరో చెప్పింది చేసిన మనిషి. ఇదొక్కటీ తన చేత్తో పుట్టించుకుంది. "మానేసి ఏం చెయ్యనక్కా, అరుగు మీద కూర్చుని అత్తమ్మ మొహం చూడనా?" అంది. పక్కనే ఉన్న మా అత్తగారు "నా మొహానికేమైందే?" అన్నారు.

ఇంకొకావిడ గురించి చెప్పాలి. రాజమండ్రిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మేడం. పెళ్ళి కాలేదింకా, సన్నగా గాలికి ఎగిరిపోయేట్టు ఉండేది. ఊకబూడిద మీదే ఆవిడ పరిశోధన. మిల్లు వెనక సంచీలో బూడిద ఎత్తుకుంటుంటే మేము చూసి, ఈ పిల్లెవరో అత్తారింటి మీద మంత్రించి చల్లడానికి పట్టుకెళ్తోందనుకున్నాం. అడిగితే, బాగా కాలిన బూడిదలో గాజు చేసే సరుకు లాంటిది ఉంటుందనీ, దాంతో ఏమేం చెయ్యొచ్చో చూస్తున్నాననీ చెప్పింది. మా పొడి సంగతి విని మాతో కలిసిపోయింది. ఆదివారాలొచ్చి మాతో పాటు నేల మీద కూర్చుని రకరకాలుగా కలిపి చూసేది. ఒకసారి ఆవిడ కలిపిన పొడికి మా అందరి చేతులూ పొట్టు లేచిపోయాయి. "మేడం గారండీ, ఇది గిన్నెలకా, పాము కుబుసానికా?" అని మా తోడికోడలు అడిగితే, ఆవిడ తన చేతులు చూపించింది. మాకన్నా ఎక్కువ లేచిపోయాయి. అప్పట్నుంచీ ఆ పిల్లంటే మాకు నమ్మకం.

దుమ్ము బయటికి రాకుండా, మూత బిగించి మోటారుతో జల్లించే మిషను బొమ్మ గీసింది కూడా ఆ మేడమే. గియ్యడానికి కాగితం చాలు, చేయించడానికి డబ్బు కావాలి. బ్యాంకుకి వెళ్ళాం. మేనేజరు గారు హామీగా ఏం పెడతారమ్మా అని అడిగారు. మా తోడికోడలు ఆలోచించకుండా "బూడిదండి. మీకెంత కావాలంటే అంత" అంది. ఆయన నవ్వి టీ ఇప్పించారు గానీ అప్పివ్వలేదు. మేడం కూడా తన పరిశోధన కోసం ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ఒకచోట సైన్సు అంటే, మీది అంట్లపొడి కదా అనేవారు. ఇంకోచోట అంట్లపొడి అంటే, మీది సైన్సు కదా అనేవారు.

అలాంటప్పుడు నా కంటబడింది ఆ నోటీసు. మేడంకి ఫోను చేసి, ఎస్టీడీ బూతులో నిలబడి, గుర్తున్నదంతా చదివినట్టే చెప్పాను. ఒక్కో ముక్కా మళ్ళీ చెప్పించుకుని రాసుకుంది. "అమ్మా, అది మన కోసమే రాసినట్టుందండి" అంది ఆఖరికి.

అప్లికేషన్ ఆవిడ ఇంగ్లీషులో రాసింది. మేమందరం సంతకాలు పెట్టాం. మా అత్తగారు కూడా నేనూ పెడతానని కూర్చున్నారు, సంఘంలో లేకపోయినా. మార్చి నెలాఖరులోగా మంజూరు కాకపోతే ఆ ఏటి డబ్బు వెనక్కి పోతుందట, మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరట. ఆ లోగా ఒక ఆఫీసరు వచ్చి మేము నిజంగా పని చేస్తున్నామో లేదో చూసి రాయాలి.

ఆఫీసరు వస్తున్నారని కబురొచ్చింది. ఇక చూడండి మా ఇంట్లో హడావుడి.

"పెద్దమనిషి మొదటిసారి ఇంటికొస్తుంటే గుమ్మంలో బూడిద ఎదురవుతుందా? ఇంకేమన్నా ఉందా!" అని మా అత్తగారు. ఆ మాటలో మాకెవరికీ తప్పు కనపడలేదు. నిజమే కదా అనుకున్నాం. బరకం కప్పి దాచుకున్న బూడిదంతా ట్రాక్టరుకెత్తించి కొబ్బరితోటలో పోయించేశాం. జల్లెడ గుడ్డలు ఉతికి అటకెక్కించాం. మసిబట్టిన గోడలకి సున్నం కొట్టించాం. పేడనీళ్ళు చల్లి ఇంత పెద్ద ముగ్గేశాం. సప్లయి షాపు నుంచి షామియానా, కుర్చీలు తెప్పించాం. అందరం పట్టుచీరలు కట్టాం. వంటల సంగతి చెప్పనే అక్కర్లేదు. బూరెలు, గారెలు, పనసపొట్టు కూర, గుత్తొంకాయ, ముద్దపప్పు, గడ్డపెరుగు. ఆయనకి నీచు అలవాటుందో లేదో తెలీక పొయ్యి వేరు చేసి నాటుకోడి కూడా వండించాం.

మేడం ముందే వచ్చుంటే గొడవ లేకపోయేది. ఆవిడెక్కిన బస్సు ద్వారపూడి దగ్గర ఆగిపోయింది.

ఆఫీసరు గారు జీపు దిగారు. నెరిసిన జుట్టు, కళ్ళజోడు, మెత్తని మనిషి. దిగీ దిగగానే "మీ యూనిట్ ఎక్కడండీ?" అన్నారు.

"అయ్యో, ముందు కాళ్ళు కడుక్కోండి. ఎండనపడి వచ్చారు" అన్నారు మా అత్తగారు.

మజ్జిగ తాగాక మళ్ళీ అడిగారు. ముందు టిఫిను చెయ్యమన్నాం. టిఫినయ్యాక అడిగారు. భోజనం వేళయ్యింది, వడ్డించేశాం అన్నాం. తిన్నారు. మా తోడికోడలు పక్కన నిలబడి "ఇంకొక్క బూరండీ, మా మీద ఒట్టు" అంటూ దగ్గుతూ వడ్డించింది. ఆకు ముందు నుంచి లేవడానికి ఆయనకి మనిషి సాయం కావాల్సొచ్చింది.

చెయ్యి కడుక్కుని దొడ్లోకి వచ్చి చుట్టూ చూశారు. తళతళలాడిపోతోంది దొడ్డి.

"బూడిద ఏదమ్మా?"

"శుభ్రంగా తీయించేశామండీ. మీకోసం నలుసు కూడా ఉంచలేదు" అన్నాను నేను, గర్వంగా.

"మరి పొడి దేంతో చేస్తారు?"

పట్టుచీరలు గరగరలాడించుకుంటూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. అప్పటిగ్గానీ మాకు వెలగలేదు. ఆయన పాపం రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఏదో రాసుకున్నారు. మా అత్తగారు జీపులో పనసకాయ పెట్టించారు. జీపు అటు వెళ్ళడం, మేడం ఇటు ఆటో దిగడం. షామియానా చూసింది, ముగ్గు చూసింది, మా చీరలు చూసింది. అక్కడే ముగ్గులో కూలబడింది.

"ఎవరిదండీ పెళ్ళి?" అంది.

తర్వాత కొన్నాళ్ళకి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నేనే చదివాను పైకి. సదరు స్థలంలో ఎటువంటి ఉత్పత్తి కార్యకలాపాలూ కనిపించనందున సిఫారసు చేయలేకపోతున్నాం, అని. మా తోడికోడలు అంతా విని, "నీకు చదువొచ్చి చదివిన మొదటి ఉత్తరం ఇదా అక్కా? ఆ రాత్రిబడికి బదులు సినిమాకి పోయినా బాగుండేది" అంది. నవ్వాం. నవ్వితే ఆవిడకి దగ్గొచ్చింది. ఆ దగ్గు ఎంతసేపటికీ తగ్గలేదు. ఒక్కొక్కరం నవ్వు ఆపేశాం.

మర్నాడు పొద్దున్నే కాకినాడ బస్సెక్కాం, నేనూ, తోడికోడలూ, మేడమూ. రాత్రి ఫోను చేస్తే మేడం కాలేజీకి సెలవు పెట్టి వచ్చింది. ఆఫీసరు గారి ఆఫీసులో బల్ల మీద కూర్చోబెట్టారు. మధ్యాహ్నానికి పిలిచారు.

ఆఫీసరు గారు మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డారు. "రండమ్మా రండి. ఆ పనసపొట్టు కూర సంగతి మా ఇంట్లో ఇంకా చెప్పుకుంటున్నాం. కానీ ఏం చెయ్యను? భోజనానికి గ్రాంటిచ్చే పథకం నా దగ్గర లేదే!"

నాకు తిప్పి చెప్పడం రాదు. "సారండీ, మీరు తప్పు రాశారని మేం రాలేదు. మీరు చూసింది రాశారు. చూపించాల్సింది మేం కొబ్బరితోటలో పోయించేశాం. చుట్టం వచ్చినా ఆఫీసరు వచ్చినా మాకు తెలిసిన మర్యాద ఒకటే. ఇంకోసారి రండి. ఈసారి మర్యాద చెయ్యం" అన్నాను.

మేడం తను గీసిన మిషను బొమ్మ బల్ల మీద పరిచి ఎక్కణ్ణుంచి బూడిద వేస్తారో, మూత ఎలా బిగుస్తుందో చెప్పుకుపోతోంది. మధ్యలో మా తోడికోడలికి దగ్గు తెర వచ్చింది. ఆఫీసులో గుమాస్తాలందరూ తలెత్తి చూశారు.

"ఏంటమ్మా ఆ దగ్గు?" అన్నారు ఆఫీసరు గారు.

"మా మిల్లు కూతండి. యూనిట్ నడుస్తోందని గుర్తు" అంది ఆవిడ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

ఆయన నవ్వలేదు. కాసేపు ఆ బొమ్మ వంక చూసి, "వస్తాను. ఏ రోజో చెప్పను. చెబితే మళ్ళీ ముగ్గేస్తారు. నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వద్దు" అన్నారు.

మేడం తిరుగు బస్సులోనే మాకు రూలు పెట్టేసింది. జీపు వచ్చినా ఎవరూ పని మీంచి లేవకూడదు. కుర్చీ వెయ్యకూడదు. కాఫీ మాటెత్తకూడదు. మా అత్తగారికి ఇది చెబితే చెవులు మూసుకున్నారు. "మీ మామగారు పోయారు కాబట్టి సరిపోయింది. ఉంటే ఈ మాట విని పోయేవారు" అన్నారు.

బూడిద మళ్ళీ తెచ్చి పోయించాం. రోజూ పని చేస్తున్నాం, రోడ్డు మీద ఏ చప్పుడైనా జీపేమోనని చూస్తున్నాం. ఒకసారి ఎరువుల కొట్టాయన జీపొస్తే అందరం తలెత్తకుండా తెగ పని చేసేశాం. పాపం ఆయన ఎవరూ పలకరించడం లేదని అలిగి వెళ్ళిపోయాడు.

మార్చి సగంపైగా అయిపోయాక వచ్చారు, మిట్టమధ్యాహ్నం. మేమందరం నిలువెల్లా బూడిదే. మూతులకి గుడ్డలు, కనుబొమ్మలు తెల్లగా. ఎవరు ఎవరో మాకే తెలీదు. ఆయనొచ్చి ఎండలో నిలబడ్డారు. ఎవరం లేవలేదు. నా జన్మలో అంత కష్టమైన పని చెయ్యలేదండీ. మోకాళ్ళు వాటంతటవే లేవబోతుంటే నేలకి అదిమి పట్టాను.

అరుగు మీద నుంచి మా అత్తగారు మొదలెట్టారు. "ఓరి భగవంతుడా, మనిషి ఎండలో మాడిపోతున్నాడే! ఎవరికీ కళ్ళు లేవా! నేనీ ఇంటి మనిషిని కాదు బాబూ, వీళ్ళెవరో నాకు తెలీదు!"

ఆఫీసరు గారు విననట్టే పని చూశారు. కుంకుడు పొడి కలిపేచోట కూర్చున్నారు, కవర్లు అతికించేచోట ఒక కవరు తనే అతికించబోయి కాల్చేశారు. చివరికి మా తోడికోడలు దగ్గరికొచ్చారు.

"ఇలా ఇవ్వమ్మా, నేనూ ఒకసారి చూస్తాను" అని ఆ జల్లెడ గుడ్డకి రెండో కొస పట్టుకున్నారు.

"మూతికి గుడ్డ కట్టుకోండి సారూ."

"ఫర్వాలేదులే."

నాలుగు ఊపులు ఊపారో లేదో, గుప్పున లేచింది. కళ్ళజోడు కనపడలేదు, జుట్టు నెరుపు కనపడలేదు. తుమ్ములు, ఆ వెనకే దగ్గు, మనిషి మెలికలు తిరిగిపోయారు. మేడం నోటి మీద చెయ్యేసుకుంది. మేము రూలు ప్రకారం కూర్చునే ఉన్నాం, బొమ్మల్లాగ. మా అత్తగారు మాత్రం ఇక ఆగలేదు. ఆ వయసులో అరుగు మీంచి దూకినంత పని చేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతిలో పెట్టి వీపు మీద చరిచారు.

"తాగు నాయనా. ముందు ప్రాణం, తర్వాత ఉద్యోగం. వీళ్ళ మాట వినకు, వీళ్ళకి చదువొచ్చి చెడిపోయారు."

ఆయన చెంబెడూ తాగేశారు. అక్కడే బూడిదలో చతికిలబడి కాగితాలు తీశారు. మా తోడికోడలి వంక చూసి, "రోజంతా ఇదేనా అమ్మా?" అన్నారు. ఆవిడ తలూపింది. నోరు తెరిస్తే దగ్గొస్తుందని. ఆయన రాస్తూనే ఉన్నారు. ఏం రాస్తున్నారో తొంగి చూద్దామనుకున్నాను. అది ఇంగ్లీషు. నాకు రాదు.

నెలాఖరు లోపల కాగితం వచ్చింది. మిషనుకీ, మేడం పరిశోధనకి కావాల్సిన కొలిమికీ, త్రాసుకీ మంజూరు. నేను చదువుతుంటే ఆఖరి లైను దాకా ఆగలేదెవరూ. ఈలలు, అరుపులు. మేడం ఫోనులో ఏడ్చేసింది, అటు నుంచి ఆ పిల్ల, ఇటు నుంచి బూతాయన దగ్గర నేను. "డబ్బులు పడుతున్నాయండీ, మీటరు తిరుగుతోంది" అంటాడాయన. తిరగనీ అన్నాను.

మిషను రాజమండ్రి లేతు వర్కుషాపులో చేయించాం. వచ్చిన రోజు మోటారు వేస్తే జల్లించడానికి బదులు పక్కకి నడవడం మొదలెట్టింది, దొడ్డంతా మమ్మల్ని తరిమింది. సిమెంటు దిమ్మ కట్టించి బోల్టులు బిగించాక దారికొచ్చింది. ఇటు బూడిద పోస్తే అటు మైదాపిండి లాంటి పొడి. మధ్యలో పిసరు దుమ్ము లేదు.

దగ్గు ఒక్కరోజులో పోలేదు, అబద్ధం చెప్పను. వానలు పడేదాకా ఉంది. ఒకరోజు చినుకుల్లో మేమందరం పాక కింద కవర్లు అతికిస్తున్నాం. మిషను దగ్గర నిలబడి మా తోడికోడలు ఏదో చెబుతోంది, మోటారు చప్పుడుని మించి అరుస్తూ. మా అత్తగారు అరుగు మీంచి "ఆ మిషనుకి స్విచ్చి ఉంది గానీ నీ నోటికి లేదేమే!" అన్నారు.

ఆవిడ పగలబడి నవ్వింది. మేము నవ్వకుండా ఆగాం, అలవాటు కొద్దీ, వెనకాల దగ్గొస్తుందని.

రాలేదు. నవ్వుతూనే ఉంది.